మెడ మీది ముద్ర

నుర్మత్ అకా ఎడమచేత్తో రుమాలు మూట తీసి బల్ల మీద పెట్టాడు. చేతికివ్వలేదు. కత్తులకి పేరుపడ్డ మా చుస్త్ ఊళ్ళో కత్తిని ఎవరూ చేతికివ్వరు. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి, లేకపోతే ఇద్దరికీ తగువొస్తుందంటారు. అతని కుడిచేతికి వేళ్ళ నుంచి మోచేతి దాకా తెల్లటి కట్టు ఉంది. దుకాణంలో కొలిమి పనిచేసే ఓయ్దిన్ మూటని వదిలేసి ఆ కట్టు వంకే చూసింది.

"చేతికేమైంది అకా?"

"ముందు అది విప్పమ్మా."

విప్పింది. పొట్టేలు కొమ్ముతో చేసిన పిడి ఒక ముక్క, కోసే అలుగు ఒక ముక్క. అలుగు మీద రక్తం ఎండి నల్లబడింది. అలుగు వచ్చి పిడిలో కలిసే సన్నటి చోటుని మేం మెడ అంటాం. సరిగ్గా అక్కడ విరిగింది. మెడ మీద ఉన్న దానిమ్మ మొగ్గ ముద్ర రెండుగా చీలి, సగం ఈ ముక్క మీద, సగం ఆ ముక్క మీద మిగిలింది. ఓయ్దిన్ పిడిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ కొమ్ములో నల్లచార బాగుందని ఏరికోరి తీసుకున్నది తనే. ఈ మడత కత్తి మొదటి నుంచి చివరిదాకా చేసింది తనే.

నుర్మత్ ఆప్రికాట్ తోటల్లో అంట్లు కట్టే మనిషి. మాలో అకా అంటే అన్న. మా చుట్టుపక్కల మార్చి నెలలో పూసే చెట్లలో సగం అతని చేతిమీదుగా పోయినవే. ఆ మనిషికి ఆ చెయ్యే ఆస్తి.

"ముదురు కొమ్మ అమ్మా," అన్నాడు మెల్లగా. "నిలువునా చీల్చి, చీలిక కాస్త తెరుచుకుంటుందని అలుగు పక్కకి తిప్పాను. ముప్పయ్యేళ్ళ నుంచీ అలాగే తిప్పుతున్నా. టక్కుమంది. కత్తి విరిగిందనుకున్నా. కిందకి చూస్తే చెయ్యి... బొటనవేలి నరం తెగిందట. డాక్టరు కుట్టాడు. ఇంక వంగదన్నాడు."

"వంగదంటే?"

"వంగదంటే వంగదు."

అతను అరిచినా బాగుండేది. తిట్టినా బాగుండేది. బల్ల మీది ముక్కల్ని చూస్తూ, "తప్పు నాదా, కత్తిదా, అది చెప్పు చాలు," అన్నాడు. "ఇంట్లో మా ఆవిడ నాదేనంటోంది. వయసొచ్చింది, చెయ్యి వణికుంటుంది అంటోంది. వణకలేదమ్మా."

ఓయ్దిన్ రెండు ముక్కల్నీ దగ్గరికి చేర్చి చూసింది.

అప్పుడే వాళ్ళ నాన్న లోపలికొచ్చాడు. ఉస్తా సొలిజాన్. ఉస్తా అంటే పనిలో చెయ్యి తిరిగినవాడు, శిష్యులకి నేర్పే అర్హత ఉన్నవాడు. దానిమ్మ మొగ్గ ముద్ర అతని తాతది, తండ్రిది, ఇప్పుడు అతనిది. బల్ల దగ్గరికి రాకముందే సంగతి అర్థమైపోయింది ఆయనకి.

"మెడ దగ్గరా?" అన్నాడు.

"మెడ దగ్గరే నాన్నా."

ఆయన మొహం మాడిపోయింది. నుర్మత్ ముందు నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని నడుం దాకా వంగాడు. "మా ఇంట్లోంచి వచ్చిన వస్తువు నీ చెయ్యి తీసింది. నన్ను క్షమించు," అన్నాడు. నుర్మత్ టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మా కత్తుల బజారుకో కట్టుబాటు ఉంది. అలుగు కొస విరిగితే వాడినవాడి తప్పు. అంచు రాలితే ఇనుము తప్పు. మెడ విరిగితే మాత్రం దాన్ని ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన శిష్యుడి తప్పు. ఎవరు పెట్టారో తెలియదు, ఎందుకని ఎవరూ అడగలేదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. విరిగిన కత్తి తిరిగొస్తే పొద్దుగుంకే లోపల కొలిమిలో వేసెయ్యాలి. ఎక్కువసేపు చూడకూడదు, పదిమందికీ చూపించకూడదు. చచ్చినవాళ్ళ మొహం కప్పినట్టు కప్పెయ్యాలి. మర్యాదట. నన్నడిగితే ఆ మర్యాద వల్ల మాకు జరిగినంత చేటు శత్రువు వల్ల కూడా జరగలేదు, ఆ సంగతే చెప్పబోతున్నాను.

నుర్మత్ వీధి మలుపు తిరిగేదాకా ఆగి, సొలిజాన్ కూతురి వైపు తిరిగాడు.

"నూనెలో ఎంతసేపుంచావ్?"

"ఎప్పుడూ ఉంచినంతే."

"తర్వాత సన్నసెగ మీద కాచావా, మర్చిపోయావా?"

"ఎండుగడ్డి రంగు వచ్చేదాకా కాచాను నాన్నా. మీరు పక్కనే ఉన్నారు."

"మరెందుకు విరుగుతుంది? మెడ సన్నం చేస్తున్నావని ఆనాడే చెప్పాను. పొట్ట వెడల్పు, మెడ సన్నం, కొస పైకి. చూడ్డానికి పెళ్ళికూతురిలా ఉంది, పనికి మాత్రం గాజుముక్క. అందం ఎక్కువైంది నీకు."

అందులో నిజం లేకపోలేదు. మెడ లావుగా ఉంటే కత్తి మడిచేటప్పుడు బిరుసుగా పట్టేస్తుంది. హాయిగా మడతపడాలని ఓయ్దిన్ గోటి మందమంత తగ్గించింది. కొన్నవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఈ శీతాకాలంలోనే అరవై కత్తులు పోయాయి, అన్నీ తోటలవాళ్ళకే.

"ఆదివారం ఫాతిహా పెట్టుకుని ఇప్పుడా ఇది," అని సొలిజాన్ తలపట్టుకుని మొద్దు మీద కూలబడ్డాడు.

ఆదివారం ఓయ్దిన్‌కి దీవెన. పదకొండేళ్ళు కొలిమి దగ్గర నిలబడింది. కనుబొమలు కాల్చుకుంది, రెండు సంబంధాలు పోగొట్టుకుంది. బజారులోని ఏడుగురు ఉస్తాలూ వస్తారు. తండ్రి ఆమె నడుముకి గుడ్డ కడతాడు, అందరికంటే పెద్దవాడు చేతులెత్తి ఫాతిహా చదువుతాడు. అక్కడి నుంచి ఆమె తన ముద్ర తను కొట్టుకోవచ్చు. ఆ దీవెన లేకపోతే జన్మంతా నాన్న ముద్ర కిందే చెయ్యాలి. నాన్న తర్వాత దుకాణం మూసుకోవాలి. చుస్త్‌లో ఆడపిల్లకి ఆ దీవెన ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

చేతులెత్తాల్సిన పెద్దాయన ఉస్తా ఎగంబెర్ది. ఎనభై దగ్గరికొచ్చాడు, నోరు మాత్రం పాతికేళ్ళవాడిది. పిలవడానికి వెళ్తే ఏమన్నాడనుకున్నారు? "వస్తాలే సొలిజాన్. పలావు మీ ఇంట్లో బాగుంటుంది. కానీ ఒక్క కత్తి మెడ విరిగి వచ్చిందని తెలిసినా నా చేతులు లేవవు, ముందే చెప్తున్నా. చేతకానివాళ్ళని దీవిస్తే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది," అన్నాడు.

"చీకటి పడకముందే కొలిమిలో వేసెయ్," అని సొలిజాన్ లేచాడు. "నుర్మత్ అకా మంచివాడు. ఎవరికీ చెప్పడు."

ఓయ్దిన్ కొలిమిలో ఇనుపముక్క ఒకటి వేసింది. కానీ అది ఆ కత్తి కాదు, కత్తులు చెయ్యడానికి వాడే పాత లారీ వాల్వు తుంపు. విరిగిన కత్తిని రుమాల్లోనే చుట్టి ఏప్రాన్ జేబులో దాచింది. తండ్రికి అబద్ధం ఆడటం ఆమెకి అదే మొదటిసారి. ఏంచేస్తుంది? తప్పు నాదా, కత్తిదా అని అడిగిన మనిషికి జవాబు చెప్పాలి కదా. తప్పు కత్తిదని మనసుకి తెలుసు. కత్తి చేసింది తను. అయితే తను ఎక్కడ తప్పింది?

మర్నాడు పొద్దున్నే తండ్రి బొగ్గు కోసం వెళ్ళగానే కిటికీ దగ్గర నిలబడి, భూతద్దం పెట్టి విరిగిన ముఖం చూసింది.

చూసి, భూతద్దం తుడిచి, మళ్ళీ చూసింది.

విరిగిన ముఖం సగం వెండిలా తెల్లగా ఉంది. అది నుర్మత్ చేతిలో విరిగినది. మిగతా సగం నల్లగా, మసిపట్టినట్టు ఉంది. ఇనుము ఎప్పుడు నల్లబడుతుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. పగులు అప్పటికే ఉండి, సన్నసెగ మీద కాచినప్పుడు ఆ సెగ లోపలికి దూరితేనే అలా నల్లబడుతుంది. అంటే ఈ కత్తి కొమ్మ మీద విరగలేదు. కొలిమి దగ్గరే సగం విరిగింది. సగం విరిగిన కత్తికి పిడి తొడిగి, మెరుగు పెట్టి, నవ్వుతూ నుర్మత్ ముందు పెట్టింది తను.

ఓయ్దిన్ కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. అరవై కత్తులు అనుకుంది. అరవై మంది జేబుల్లో, అరవై మంది చేతుల్లో. అందులో ఒకటి తోట ఉన్న సాలెహా అత్త దగ్గరుంది, ఆవిడ మనవడికి దాంతో ఆపిల్ చెక్కి పెడుతుంది.

అరలో అమ్మకానికి ఇంకో ఐదు మడత కత్తులున్నాయి. ఒకటి తీసింది. అలుగుని బెంచీ వైసు దవడల మధ్య బిగించి, పిడి పట్టుకుని పక్కకి నెట్టింది. మంచి అలుగైతే వంగి, వదలగానే యథాస్థానానికి రావాలి. ఇది వంగనే లేదు. టక్కుమంది. రెండోది తీసింది, టక్కుమంది. మూడోది. నాలుగోది. ఐదోది కూడా. అన్నీ మెడ దగ్గరే. అన్నిట్లోనూ ఆ నల్లటి సగం.

బల్ల కింద కూర్చుండిపోయింది. ఏడుపు కూడా రాలేదు. పదకొండేళ్ళు అని మాత్రం అనుకుంది. ఎగంబెర్ది మాటే నిజమా, చేతకానిదాన్నేనా అనుకుంది.

ఇంట్లోకి వెళ్ళేసరికి వాళ్ళమ్మ ఆదివారం పలావు కోసం క్యారెట్లు తరుగుతోంది. పెద్ద కత్తి వదిలేసి, ఓయ్దిన్ తన కోసం చేసిచ్చిన చిన్న మడత కత్తితో.

"ఏమైంది నీ మొహానికి? సున్నం కొట్టినట్టుంది," అంది తల్లి.

ఓయ్దిన్ ఆ కత్తి వంక చూసింది. అది కూడా తనదే. అదే లారీ వాల్వు ఇనుము, అదే సన్నటి మెడ, జనవరిలో అదే రోజు అదే నూనెలో ముంచింది. ఇదీ విరుగుతుంది. అమ్మ చేతిలో విరుగుతుంది.

"అది కింద పెట్టమ్మా."

"ఇంకో రెండు కిలోలున్నాయి తరగాల్సినవి."

"కింద పెట్టమంటున్నానా."

తల్లి ఖంగుతిని బల్ల మీద పెట్టింది. ఓయ్దిన్ దాన్ని తీసుకుని దుకాణంలోకి పరుగెత్తింది. వైసులో బిగించి నెట్టింది. వంగింది. ఇంకా నెట్టింది. ఇంకా వంగింది. వదిలితే చేపపిల్ల తోకలా ఊగి నిటారుగా నిలబడింది. అటు నెట్టింది, ఇటు నెట్టింది, చివరికి రెండు చేతులూ వేసి ఒళ్ళు బరువంతా మోపింది. కత్తి వంకర పోయింది కానీ విరగలేదు.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి అడుగుతోంది. "బంగారంలాంటి కత్తిని అలా వంచేశావేంటే. అడగ్గా అడగ్గా చేసిచ్చావు."

"అమ్మా, దీనికీ వాటికీ తేడా ఏంటి?"

"నన్నడుగుతావేం? దీనికి మీ నాన్న ముద్ర కూడా లేదు. ఇంటి సామానుకి ముద్రెందుకు, అమ్ముతామా ఏమన్నా అన్నాడు."

ఓయ్దిన్ అక్కడే ఆగిపోయింది.

విరిగిన ఆరు అలుగులూ వరసగా పెట్టి భూతద్దంతో చూసింది. అన్నిట్లోనూ నలుపు ఒకచోటే మొదలవుతోంది. ముద్ర గీతల అడుగున. దానిమ్మ మొగ్గ మధ్య గీత కొస ఎక్కడ అలుగులోకి దిగిందో సరిగ్గా అక్కడి నుంచి పగులు కిందకి పాకి, అలుగు మడతపడే శీల చిల్లు దాకా పోయింది. ఇనుము మెత్తగా ఉన్నప్పుడే ముద్ర కొడతారు, ఆ తర్వాతే నూనెలో ముంచుతారు. ఎర్రటి అలుగు నూనెలో పడి ఒక్కసారిగా బిగుసుకునేటప్పుడు ఆ వాడిగీతలో చిట్లుతోంది.

ముద్ర ఉలిని ఉస్తా తప్ప ఇంకెవరూ ముట్టుకోరు. ఓయ్దిన్ దాన్ని ఒక్కసారి కూడా చేత్తో పట్టి ఎరగదు. ఆరు కత్తుల మీదా ఆ దెబ్బ నాన్నది. తప్పు తనది కానందుకు ముందు ఊపిరి తేలికైంది. ఆ వెంటనే, తప్పు ఎవరిదో తెలిసి భూతద్దం బోర్లించేసింది.

అనుమానం తీరక, తండ్రి సొంతంగా చేసిన పాత మడత కత్తి ఒకటి సామాన్లలోంచి వెతికి తీసింది. మెడ లావుది, ఆయన పద్ధతిది. దానికి కొంచెం ఎక్కువ బలం పట్టింది, విరగడం మాత్రం విరిగింది. అంతే తేడా.

సాయంత్రం సొలిజాన్ బొగ్గు బస్తా దించి వచ్చేసరికి బల్ల మీద విరిగిన కత్తులు ఏడు వరసగా ఉన్నాయి. ఆయన వాటిని చూసి కూతుర్ని చూశాడు.

"నిన్న దాన్ని కొలిమిలో వెయ్యలేదు కదూ," అన్నాడు.

"వెయ్యలేదు."

"ఇవన్నీ ఏంటి?"

"నేను విరగ్గొట్టాను. ఒకటి మీరు చేసింది కూడా ఉంది."

ఆయన చెయ్యి లేచింది. ఆమె కదలలేదు. లేచిన చెయ్యి గాల్లోనే ఆగి మెల్లగా కిందకి దిగింది. ఆమె ఆ చేతిలో భూతద్దం పెట్టింది.

"చూడండి నాన్నా. నలుపు ఎక్కడ మొదలైందో చూసి చెప్పండి."

చాలాసేపు చూశాడు. ఒక్కో ముక్కా తీసి వెలుతురుకి తిప్పి తిప్పి చూశాడు. ఏడోది, తన చేతిది, రెండుసార్లు చూశాడు.

"నా ముద్రా," అన్నాడు చివరికి.

"పెద్ద కత్తికి అలుగు వెడల్పైన బుగ్గ మీద కొడతాం. అక్కడ ఎంత లోతైనా ఏంకాదు. మడత కత్తికి మెడ మీద కొడుతున్నాం. ఇటు శీల చిల్లు, అటు ముద్ర. మధ్యలో మిగిలేది గోరంత ఇనుము నాన్నా. చిల్లు లేకుండా మడత కత్తి లేదు. ముద్ర మాత్రం అక్కడే ఉండక్కర్లేదు కదా."

"మడిచినా కనబడాలి కదే," అన్నాడు సొలిజాన్. "మడిచాక పిడి బయట ఉండేది అదొక్కటే. ఎవరి కత్తో తెలియాలి కదా. మా నాన్న అలాగే కొట్టాడు. బజారంతా అలాగే..."

అక్కడ ఆగిపోయాడు. తను ఏమన్నాడో తనకే అప్పుడు వినిపించినట్టుంది. బజారంతా. మొద్దు కోసం వెనక్కి చెయ్యి చాపి, దొరక్క, నేల మీదే కూర్చున్నాడు. ఓయ్దిన్ తండ్రిని ఎన్నడూ నేల మీద అలా చూడలేదు. చూసి భయపడింది.

"నుర్మత్ అకా తన తప్పా అని అడిగాడు," అంది. "ఏం చెప్పమంటారు?"

ఆయన లేచి, సైకిలు తీసుకుని, టోపీ కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

శుక్రవారం దుకాణానికి రాలేదు. శనివారమూ రాలేదు. పొద్దున్నే సైకిలు మీద పోవడం, సందెవేళకి దుమ్ము కొట్టుకుని రావడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం. ఫాతిహా ఉందో లేదో కూడా చెప్పలేదు. అడగడానికి ఓయ్దిన్‌కి నోరు రాలేదు. ఆయన పరువు ఆ ముద్రలో ఉంది, తాత పరువు అందులో ఉంది. వచ్చినవాళ్ళ ముందు "పిల్లకి ఇంకా పని పూర్తిగా రాలేదు, మరో ఏడాది ఆగుదాం" అంటే సరిపోతుంది ఆయనకి. ఎవరూ ఏమీ అడగరు, కట్టుబాటు ఆయన వైపే ఉంది. అలా అంటే తను ఎదురు చెప్పగలదా? చెప్పలేనని ఆమెకి తెలుసు. తెలిసి తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఏడుగురు ఉస్తాలూ వచ్చారు. పెరట్లో ద్రాక్షపందిరి కింద పరుపులు వేసి, పలావు పళ్ళేలు పెట్టారు. పెద్దలు కూర్చునే చోట, ఎగంబెర్ది పక్కన, కట్టుకట్టిన చేత్తో నుర్మత్ కూర్చుని ఉండటం చూసి ఓయ్దిన్ టీ కూజా మళ్ళీ కింద పెట్టేసింది. ఆయన్ని ఎవరు పిలిచారు?

ఎగంబెర్ది రెండు పళ్ళేలు పలావు తిన్నాడు. తిని, మీసం తుడుచుకుని, నుర్మత్ చేతి వైపు గడ్డం చూపించాడు.

"విన్నాంలే సొలిజాన్. దాస్తే దాగే సంగతా? మెడ దగ్గరటగా."

"మెడ దగ్గరే ఉస్తా," అన్నాడు సొలిజాన్.

"ఆడపిల్ల చెయ్యి. అత్త చేతికి టీ అందించినంత సుతారంగా ముంచి ఉంటుంది నూనెలో." ఒకరిద్దరు నవ్వారు. "పలావు బాగుంది. దీవెన మాత్రం నా వల్ల కాదు."

ఓయ్దిన్ తల దించుకుంది. ఇప్పుడంటాడు, మరో ఏడాది ఆగుదామంటాడు అనుకుంది.

సొలిజాన్ లేచి నిలబడ్డాడు. "మీ మీ మడత కత్తులు తీసి ఇక్కడ పెట్టండి," అన్నాడు. "విరగ్గొడతాను."

అందరూ ముందు నవ్వారు. తర్వాత ఆయన మొహం చూసి ఆపేశారు. ఆయన లోపల్నుంచి వైసుతో సహా చిన్న బల్ల మోసుకొచ్చాడు. తన నడుంగుడ్డలోంచి తన సొంత కత్తి తీసి బిగించి, పక్కకి నెట్టాడు. టక్కుమంది. విరిగిన ముక్కని ఎగంబెర్ది ముందు పెట్టాడు, పక్కనే భూతద్దం పెట్టాడు.

"నుర్మత్ చెయ్యి తీసింది నా కూతురు కాదు. నేను. నా ముద్ర. నలుపు ఎక్కడ మొదలైందో చూడండి. నేను తప్పు చెప్తుంటే మీ కత్తులు విరగవు. అప్పుడు నేనే దుకాణం మూసేస్తాను."

ఉస్తా హమ్దం అనే బొద్దుమనిషి "ఇది విరిగితే నా గడ్డం గీయించుకుంటా" అంటూ తనది పెట్టాడు. విరిగింది. గడ్డం సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడోది విరిగింది. నాలుగోది. ఒక్కటి మాత్రం విరగలేదు. అది చూపు మందగించిన ఉస్తా కామిల్‌ది. ఆయన ముద్ర దోమ కుట్టినంత ఉంటుందని, సుత్తి ఎత్తడానికి బద్ధకమని బజారంతా ఆటపట్టిస్తుంది. ఆ దోమకాటు ముద్ర ఉన్న అలుగు వంగి, లేచి నిలబడింది. కామిల్ దాన్ని తీసుకుని నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. మిగతావాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ప్రతి ఒక్కరికీ, మెడ విరిగిందని తను తిట్టి పంపిన ఎవడో ఒక శిష్యుడు గుర్తొస్తున్నాడని ఓయ్దిన్‌కి అర్థమైంది.

చివరికి ఎగంబెర్ది ఒక్కడు మిగిలాడు. కత్తి తీసి అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. పుచ్చకాయలు కోసీ కోసీ అలుగు అరిగిపోయింది.

"ఇది విరగదు," అన్నాడు.

"వద్దులే ఉస్తా, చాలు," అన్నాడు సొలిజాన్.

"విరగదంటున్నానా." ముసలాయన పందిరి గుంజ పట్టుకుని లేచాడు. వైసు తనే బిగించాడు. రెండు చేతుల్తో పిడి పట్టుకుని నెట్టాడు. బలం చాలక మళ్ళీ నెట్టాడు.

విరిగింది.

భూతద్దం ఎవరూ ఇవ్వలేదు. ఆ నలుపు ఉత్తి కళ్ళకే కనబడుతోంది. పాత ముద్ర, బలంగా కొట్టిన దెబ్బ, ఆయన జోరు మీదున్న రోజుల్లోది.

"ఇది సోబిర్ చేసింది," అన్నాడు ఎగంబెర్ది.

సోబిర్ ఆయన కొడుకు. నమంగాన్ పట్నంలో వ్యాను నడుపుతాడు. పండక్కి కూడా రాడు. ఎందుకు రాడో బజారులో ఎవరూ ఎత్తరు, ఎత్తితే ముసలాయన రాయి విసురుతాడు.

"పంతొమ్మిదేళ్ళయింది. వాడు చేసినది ఒకటి మెడ విరిగి తిరిగొచ్చింది. బజారు మధ్యలో చెంప మీద కొట్టాను. నీకు చేతులు లేవురా, కొలిమి ముట్టుకోకు అన్నాను. నేను సరిగ్గానే ముంచాను నాన్నా, ఒక్కసారి చూడండి అన్నాడు వాడు. చూడలేదు. అప్పటికప్పుడు కొలిమిలో వేశాను." విరిగిన ముక్కని బొటనవేలితో తడుముతున్నాడు. "ఇది వాడు ఆ వారమే చేసిన ఇంకోటి. బాగుందని ఉంచుకున్నా."

నుర్మత్ కట్టు లేని చేత్తో ముసలాయన మోచెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు.

సొలిజాన్ మూల నుంచి గోనెసంచి తెచ్చి పరుపు పక్కన పెట్టాడు. అందులో మడత కత్తులు. మూడు రోజులు తోట తోటకీ తిరిగి వెనక్కి తెచ్చినవి ముప్పై నాలుగు. "మిగతావి రేపటి నుంచి తెస్తాను," అన్నాడు. "మొదట వెళ్ళింది నుర్మత్ ఇంటికి. తప్పు నీది కాదు, నాదని వాళ్ళావిడ ముందే చెప్పాను. ఇంక మీరు నా కూతురికి దీవెన ఇస్తారో ఇవ్వరో మీ ఇష్టం. ఇవ్వకపోతే నా నడుంగుడ్డ కూడా ఇక్కడే విప్పి పెడతాను."

ఓయ్దిన్‌కి అప్పుడు ఏడుపొచ్చింది. మూడు రోజులు ఆయన గురించి ఏమేమి అనుకుందో గుర్తొచ్చి ఇంకా ఎక్కువ వచ్చింది.

కామిల్ ముందు తలూపాడు. తర్వాత హమ్దం. అందరూ ఎగంబెర్ది వైపు చూశారు. ఆయన ఆమెని రమ్మని సైగ చేశాడు. ఓయ్దిన్ వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. సొలిజాన్ చారల గుడ్డ తెచ్చి కూతురి నడుముకి చుట్టాడు. ముడి రెండుసార్లు జారిపోయి మూడోసారికి పడింది.

ముసలాయన చేతులెత్తాడు. అందరూ ఎత్తారు. కళ్ళు మూసుకుని చదవడం మొదలుపెట్టాడు.

"దేవుడా, ఈ చేతులకి బర్కత్తు ఇవ్వు, వృద్ధి ఇవ్వు. ఈ చేతుల కింద ఇనుము మాట వినేలా చెయ్యి. ఈ చేతులు చేసినది ఎవరి చేతినీ తీయకుండా చూడు. పని నేర్చిన చేతులివి, వీటికి వంక పెట్టే నోళ్ళు మూయించు. నా బిడ్డ సోబిర్‌కి..."

ఓయ్దిన్ అనాల్సిన చోట సోబిర్ అన్నాడు. ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. కళ్ళు తెరవకుండా, ఆ పేరు మీదే దీవెన చివరిదాకా చదివాడు.

సొలిజాన్ కూతురి వంక చూశాడు. ఒక్కరూ తప్పు దిద్దలేదు. ఓయ్దిన్ రెండు అరచేతులూ మొహం మీద నిమురుకుని, అందరికంటే ముందు ఆమీన్ అంది.